ఇంటి పన్నులో మురుగు కాల్వ వాటా ఎక్కడ?

తొలకరి జల్లు గట్టిగా కురిస్తే పట్టణాలలో ముందుగా మునిగేవి ఏటా మునిగే వీధులే. కాల్వ ఉంటుంది, పైన పలక కూడా ఉంటుంది. లోపల పూడిక నిండి నీరు వెళ్లే దారి ఉండదు. పూడిక తీయించమని అడిగితే పురపాలక సంఘాల నుంచి వచ్చే సమాధానం ఒక్కటే: నిధులు లేవు. అయితే కాల్వల పేరిట పన్ను వేసే అధికారం చట్టంలో ఏనాటి నుంచో ఉన్నదన్న సంగతి పన్ను కట్టే వారిలో చాలామందికి తెలియదు.

చట్టంలో ఏమున్నది?

1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం ఆస్తి పన్నును ఒకే ముద్దగా చూడలేదు. సాధారణ పన్ను, నీటి సరఫరా-మురుగు పారుదల పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను అని విడదీసింది. హైదరాబాద్‌కు వర్తించే 1955 నాటి నగరపాలక సంస్థల చట్టంలో మురుగు పారుదల పన్ను ప్రత్యేక పద్దుగానే ఉన్నది. చిన్న పట్టణాలలో వాన నీటికి, ఇళ్ల మురుగుకు వేర్వేరు కాల్వలు ఉండవు. రోడ్డు పక్కన పారే కాల్వే రెంటికీ దిక్కు. కనుక ఈ పన్ను ఆ కాల్వకు చెందినదే.

చిక్కు వసూలులో లేదు, వసూలైన తరువాత ఉన్నది. నోటీసులో పద్దులు విడిగా చూపినా, చూపకపోయినా సొమ్మంతా మున్సిపల్ సాధారణ నిధిలోనే జమ అవుతుంది. జీతాలు, కరెంటు బిల్లులు, పాత బకాయిలు పోగా మిగిలిన దానిలోంచే పూడికతీతకు కేటాయించాలి. మిగలని ఏడాది పని వాయిదా పడుతుంది.

ఇదే నోటీసుతో వసూలయ్యే గ్రంథాలయ పన్నును చూడండి. రూపాయికి 8 పైసలు. ఏడాదికి రూ.3,000 ఇంటి పన్ను పడితే రూ.240 గ్రంథాలయానికి. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందాలని చట్టమే చెబుతున్నది. పురపాలక సంఘం ఇవ్వకుంటే బకాయి పడినట్లు లెక్కలో కనిపిస్తుంది, సంస్థ అడుగుతుంది. కాల్వకు అలా అడిగే సంస్థ లేదు. పుస్తకానికి ఉన్న లెక్క మురుగు కాల్వకు లేకపోవడం విచిత్రమే. తెలంగాణలో 2019 నాటి మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించింది. మొక్కలకు వీలైనది కాల్వలకు వీలుకాదనలేము.

మునిగాక కోట్లు

నిర్వహణకు లక్షలు దొరకని చోట వరద వచ్చి వెళ్లాక కోట్లు మంజూరవుతాయి. 2000 ఆగస్టులో హైదరాబాద్ మునిగింది. నాలాలపై అధ్యయనం చేసిన కిర్లోస్కర్ కమిటీ 2003లో నివేదిక ఇచ్చి, వాటిని వెడల్పు చేయాలన్నది. 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగింది. ఆ తరువాత 2021లో వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకం కింద తొలి దశకే రూ.985 కోట్లకు పైగా అంచనా వేశారు. విజయవాడలో కేంద్రం మంజూరు చేసిన రూ.461 కోట్ల వరద నీటి కాల్వల పనులు ఏళ్ల తరబడి అసంపూర్తిగా మిగిలాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన నాటి వరదను వీధి కాల్వలు ఆపగలిగేవని ఎవరూ అనరు. అయితే వరద తీశాక వీధిలో నిలిచిన నీరు బయటకు పోవాలన్నా ఆ కాల్వలే దారి.

నష్టం సామాన్లతో ఆగదు. 2020 సెప్టెంబరులో హైదరాబాద్ నేరేడ్‌మెట్‌లో సైకిల్‌పై బయటకు వెళ్లిన పన్నెండేళ్ల బాలిక తెరచి ఉన్న నాలాలో పడి మరణించింది. పలక వేయడం కూడా నిర్వహణ ఖర్చే.

చేసిన పనిలోనూ లోపమున్నది. పూడిక తీసి గట్టుపైనే కుప్ప పోస్తారు. ఎత్తి తరలించేందుకు ట్రాక్టరు అద్దె అంచనాలో ఉండదు, ఉన్నా బండి రాదు. రెండు వానలకు ఆ మట్టి తిరిగి కాల్వలోకే చేరుతుంది. ఈ విలేకరి చూసిన పట్టణాలలో ఏటా జరుగుతున్న తంతు ఇదే.

రుసుము వేసిన చోట్ల

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూ నగరం 1974లోనే వాన నీటి పారుదలకు ప్రత్యేక విభాగం నెలకొల్పి రుసుము వసూలు మొదలుపెట్టింది. అక్కడ అనేక నగరాలలో ఈ రుసుముకు ఆధారం ఇంటి విలువ కాదు, నీరు ఇంకని నేల విస్తీర్ణం. కప్పు, సిమెంటు నేల ఎంత ఎక్కువైతే కాల్వలోకి అంత నీరు చేరుతుందన్నది లెక్క. మన పట్టణాలకు అన్వయిస్తే, పెరడున్న పెంకుటిల్లు కన్నా ఆవరణంతా సిమెంటు పరచిన ఫంక్షన్ హాలు ఎన్నో రెట్లు చెల్లించాలి. పన్ను మినహాయింపు పొందే భవనాలను కూడా రుసుము పరిధిలోకి తేవచ్చు. ఎందుకంటే అది పొందే సేవకు చెల్లించే మూల్యం.

తెలుగువారు గణనీయంగా నివసించే కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఇటువంటి రుసుము పెంచాలంటే ఆస్తి యజమానుల ఓటు తప్పనిసరి. 2005లో, మళ్లీ 2017లో తపాలా ఓటుతో వారు అంగీకరించారు. సొమ్ము దేనికి ఖర్చయిందో చూసేందుకు పౌరుల సంఘం ఉన్నది. అంతటా ఇలా సాగలేదు. మేరీలాండ్‌లో 2012లో పెద్ద కౌంటీలపై ఈ రుసుమును తప్పనిసరి చేస్తే జనం ‘వాన పన్ను’ అని ఎగతాళి చేశారు. 2015లో ఆ నిర్బంధం తొలగించారు.

ఆంధ్రప్రదేశ్‌కు ఆ అనుభవం కొత్త కాదు. 2021లో పట్టణాలలో మొదలైన చెత్త రుసుముపై తీవ్ర వ్యతిరేకత వచ్చి 2024లో రద్దయింది. అదే 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువపై లెక్కించడం మొదలైంది. ఏడాదికి పెంపు 15 శాతం మించరాదన్న పరిమితి ఉన్నా, భారం పెరిగిందన్నది గృహస్థుల మాట. ఈ స్థితిలో మరో రుసుము పేరెత్తితే వీధులు భగ్గుమంటాయి. అందుచేత కొత్త వడ్డన కన్నా, ఇప్పటికే వసూలవుతున్న పన్నులో కాల్వల వాటాకు విడి ఖాతా తెరవడమే ముందు జరగవలసిన పని.

ఏం అడగవచ్చు?

పట్టణ బడ్జెట్‌లో కాల్వల పూడికతీతకు ఎంత చూపారు, గత ఏడాది నిజంగా ఎంత ఖర్చయింది, పూడిక ఎక్కడకు తరలించారు అన్న మూడు ప్రశ్నలు సమాచార హక్కు చట్టం కింద పురపాలక కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. పూడికతీత వేసవిలో జరిగే పని గనుక ఈ దరఖాస్తు ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇస్తే, జవాబు చేతికి వచ్చేసరికి వానలకు ఇంకా వ్యవధి ఉంటుంది.