ముఖానికి సొంత రంగు

మాచర్ల దగ్గర విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం చేరవచ్చు. తెలుగు నేల మీద మూర్తిచిత్రణ కథను అక్కడి ఇక్ష్వాకుల ఛాయాస్తంభాలతోనే మొదలుపెట్టాలి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో అతని తండ్రి శాంతమూలుడి జ్ఞాపకంగా అలాంటి స్తంభమొకటి నిలిపారు. పోయినవారి గుర్తుగా చెక్కినా, లేతాకుపచ్చ ఛాయ తేలే ఆ పలనాటి సున్నపురాయిలో శిల్పి ముక్కూముఖం అచ్చుగుద్దినట్టు దించే పని పెట్టుకోలేదు. ఆ మనిషి ఎవరో పరివారం, నగలు, శాసనం చెబుతాయి.

పోలికే ప్రాణమన్న పట్టు చాలా తర్వాత, పాశ్చాత్య తైలవర్ణాల వెంట వచ్చింది. రవివర్మ అచ్చుబొమ్మలు దాన్ని ఇంటింటి గోడకూ ఎక్కించాయి. రాజమండ్రి దామెర్ల రామారావు (1897–1925) గీతకు మెత్తదనం తెచ్చినా, పోలికను వదల్లేదు. 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. ఇంకొన్నాళ్లుంటే ఎటు సాగేవాడో!

పారిస్‌లో అప్పటికే కట్టు తెగింది. 1905లో చిత్రకారుడు మతీస్ తన భార్య ముఖం నడిమధ్యన ఆకుపచ్చ చార గీశాడు. నీడ ఉండాల్సిన చోట రంగు నిలబడింది.

ఆ గాలి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కు దాని డైరెక్టర్ చార్లెస్ జెరార్డ్ ద్వారా సోకింది. అక్కడ చదివిన కరీంనగర్ జిల్లా అన్నారం బిడ్డ పి.టి. రెడ్డి, 1941లో మరో నలుగురితో కలిసి ‘బొంబాయి కాంటెంపరరీ ఇండియా ఆర్టిస్ట్స్’ బృందం కట్టాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆయన తాంత్రిక చిత్రాల్లో దేహమే వృత్తాలు, త్రికోణాలుగా మారింది.

మన ముఖానికి మన రంగే దొరికింది మాత్రం తోట వైకుంఠం దగ్గర. ఆయనదీ కరీంనగర్ ప్రాంతమే. 1942లో బూరుగుపల్లిలో పుట్టాడు. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నాడు. ఆయన స్త్రీల ముఖాల్లో వెలుగునీడల మెరుగు ఉండదు. నల్లని ఒళ్లు, దాని మీద రూపాయంత బొట్టు, పక్కనే ఎర్రచీర: ఒక్కో రంగూ తన హద్దులో తాను నిండుగా కూర్చుంటుంది. కళ్లు, పెదవులు, భుజం వంపు ఆ రంగుల మధ్య అంచులు గీస్తాయి. పసుపు, కుంకుమ, కాటుకలతో ముఖాన్ని రోజూ దిద్దుకునే ఆడవాళ్లను చూస్తూ పెరిగినవాడికి ఈ పద్ధతి కోసం పారిస్ దాకా పోవాల్సిన పనేముంది?

ఆయన బొమ్మల్లోని స్త్రీలకు పేర్లు లేవు కాబట్టి అవి మూర్తిచిత్రాలు కావనేవారున్నారు. ఆ మాట ఒప్పుకోలేం. కూర్చునే తీరు, మెడ తిప్పిన తీరు చూస్తే ఒక్కొక్కరూ విడిగా తెలుస్తారు. ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం తెచ్చిపెట్టిన కన్ను అది. దాని బలం తెలియాలంటే రంగు జోలికి పోకుండా బొగ్గుతో వేసిన ఆయన పాత బొమ్మలు చూడాలి. రంగులు తర్వాత ఎక్కడెక్కడ కూర్చోవాలో ఆ గీతలే ముందుగా చోటు చేసిపెట్టాయి.