జేబు లేని ప్రయాణం

పరిగి, 1960. రంజాను పండుగ మార్చి నెలాఖరులోనే వెళ్లిపోయింది. ఎండలు ముదురుతున్నాయి. బజార్లో సావుకారి అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఖాతా పుస్తకం మూసేదాకా లేచేలా లేడు.

"లెక్క మొత్తం తియ్ సేఠ్. ఒక్క పైస గూడ నా పేరు మీద ఉండొద్దు."

"గంత తొందరేంది భాయ్? పోయి రా. వచ్చినంక సూస్కుందాం."

"వస్తనో రానో ఎవరికెరుక? అప్పు వెట్టుకొని ఆడికి పోవద్దు."

సావుకారి పుటలు వెనక్కి తిప్పాడు. పాత బాకీలు నిజాం నాటి హాలీ సిక్కాలో రాసి ఉన్నాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు, అంటే భారత ప్రభుత్వ రూపాయల చొప్పున మార్చాలి. ఆ నిజాం రూపాయి ఏడాది కిందటే పూర్తిగా చెలామణి నుంచి పోయింది. పైగా 1957 ఏప్రిల్ నుంచి అణాల బదులు నయాపైసలు వచ్చాయి. ఒకే బాకీని మూడు లెక్కల్లో చూసుకుని, కందులమ్మిన డబ్బులోంచి చెల్లించి పెద్దాయన ఇంటిదారి పట్టాడు. చేతిలో మిగిలింది ఆయన హజ్ యాత్ర డబ్బు. ఇరవై ఏళ్లు కూడబెట్టింది.

ఈ పెద్దాయనకు, ఆయన భార్యకు పేర్లు పెట్టడం లేదు. వాళ్ల మాటలు, ఇంటి సంగతులు నేను ఊహించి అల్లినవి. పరిగి, తాండూరు, వికారాబాద్ ప్రాంతం నుంచి ఆ ఏళ్లలో ఓడ మీద హజ్‌కు పోయినవాళ్లకు ఎదురైన పరిస్థితుల్లో వాళ్లను నిలబెట్టాను. చట్టాలు, నోట్లు, ఓడలు, ఏళ్లు మాత్రం చరిత్రలో ఉన్నవే.

ఇంట్లో ఆమె అప్పటికే డబ్బు దాచే నడుంపట్టీ కుట్టడం మొదలుపెట్టింది. మందపాటి ఖద్దరు గుడ్డ నాలుగు వేళ్ల వెడల్పున, నడుము చుట్టూ వచ్చి ముడి పడేంత పొడవున కత్తిరించింది. దాన్ని రెండు పొరలుగా మడిచి మధ్యలో అడ్డకుట్లు వేసి గదులు చేసింది. ఒక గది మదీనా ప్రయాణానికి, ఒకటి ఖుర్బానీకి, ఒకటి రోజువారీ తిండికి. చివరి గదిని దారంతో మూసేసింది. అందులోది వాళ్ల సొమ్ము కాదు. జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు, జపమాల తెమ్మని చుట్టాలు, పక్కిళ్లవాళ్లు ఇచ్చిన రూపాయి, రెండు రూపాయలు. అది అమానత్. ఆకలై పడిపోయినా ముట్టకూడని డబ్బు.

ఆమెకు చదువు రాదు. నోటును రంగును బట్టి, కొలతను బట్టి గుర్తుపడుతుంది. ఊదారంగుది పది, నీలంది వంద. ఆ తెలివితోనే ఇన్నేళ్లు సంసారం నడిపింది. ఆ తెలివికే బొంబాయిలో చిక్కొచ్చి పడింది.

వికారాబాద్ స్టేషన్లో రైలెక్కి తాండూరు, వాడి, గుల్బర్గా, షోలాపూర్, పుణె మీదుగా బొంబాయి చేరారు. హాజీలకు బస క్రాఫర్డ్ మార్కెట్ దగ్గరున్న సాబూ సిద్ధీఖ్ ముసాఫిర్‌ఖానా. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు వరండాల్లో పరుపుచుట్టలు ఆనించుకుని కూర్చున్నారు. టీకాలు, కాగితాలు, టికెట్టు, ఒకదాని తర్వాత ఒకటి వరుసలు. డబ్బు మార్పిడి వరుసలో నిలబడి వచ్చిన పెద్దాయన ఒక కట్ట ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆమె ఒక నోటు తీసి వెలుతురుకు పట్టింది. "ఇదేం రంగు? ఇవి మన నోట్లు గావు. ఎవడో మోసం జేసిండు."

"మోసం గాదు. సర్కారే ఇచ్చింది. హజ్ నోట్లంట."

ఆ నోట్లు నిజంగానే వేరు. 1959లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి 28ఏ అనే సెక్షన్ చేర్చారు. దేశం బయట వాడటానికి ప్రత్యేక నోట్లు ముద్రించే అధికారం దాంతో వచ్చింది. సౌదీ వెళ్లే యాత్రికుల కోసం పది రూపాయలు, వంద రూపాయల నోట్లు తెచ్చారు. వాటి మీద హజ్ అనే మాట ఇంగ్లిషులో అచ్చయింది. వరుస సంఖ్య ముందు హెచ్‌ఏ అనే అక్షరాలుంటాయి. రంగు మార్చేశారు. ఇక్కడి బజార్లో వాటితో గుప్పెడు బియ్యం కూడా కొనలేరు.

ఇంత పని ఎందుకు చేశారో పెద్దాయనకు వరుసలో ఎవరో చెప్పారు, కొంత అర్థమైంది, కొంత కాలేదు. మూలం బంగారం. ఆ రోజుల్లో కువైట్, బహ్రెయిన్, దుబాయ్, ఖతార్, మస్కట్ అంతటా మన రూపాయే చెలామణి. దొంగచాటుగా బంగారం తెచ్చేవాళ్లు ఇక్కడి నోట్లను అక్కడికి చేరవేసేవారు. అవి అక్కడి బ్యాంకుల నుంచి తిరిగి మన రిజర్వ్ బ్యాంకుకే వచ్చి స్టెర్లింగ్ అడిగేవి. విదేశీ మారకం అసలే కరువైన కాలం. అందుకే గల్ఫ్‌కు ఒక రకం నోటు, హాజీలకు ఇంకో రకం నోటు ముద్రించి, మామూలు రూపాయికి ఎల్లల బయట తలుపు మూశారు. చేసింది సబబే అంటాను. కానీ దొంగబంగారం ఎప్పుడూ కళ్లచూడని మనిషి కూడా అదే వరుసలో నిలబడి, జీవితమంతా నమ్మిన నోటును వదులుకుని, ఇంటికి తెస్తే చెల్లని నోటు పుచ్చుకోవాల్సి వచ్చింది. ఆయన ఎంత నమ్మకంతో ఆ కట్ట అందుకున్నాడో తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది.

ఆమెకు అది నచ్చలేదు. కానీ రాత్రంతా ముసాఫిర్‌ఖానా దీపం కింద కూర్చుని కొత్త రంగులు కంఠస్థం చేసింది. కళ్లు మూసుకుని కట్టలోంచి నోటు లాగడం, కళ్లు తెరిచి అది పదో వందో చెప్పడం. తెల్లారేసరికి తడబాటు పోయింది.

ఓడ మొగల్ లైన్ వాళ్లది. 1877లో బొంబాయిలో పుట్టిన కంపెనీ. ఇస్లామీ, మహమ్మదీ, ముజఫరీ అన్న దాని ఓడల పేర్లు అప్పట్లో దక్కను పల్లెల్లో కూడా తెలుసు. ఎక్కువమంది డెక్కు ప్రయాణికులే. చాపంత చోటు, నెత్తిన టార్పాలిన్, చుట్టూ మరుగుకు కట్టుకున్న చీరలు, దుప్పట్లు. అరేబియా సముద్రం మొదటి మూడు రోజులు పెద్దాయనను లేవనివ్వలేదు. ఆ మూడు రోజులూ నడుంపట్టీ ఆమె ఒంటి మీదే ఉంది.

ఇక ఏడెన్ దాటి ఎర్రసముద్రంలోకి వచ్చాక ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. యలమ్‌లమ్ కొండకు ఎదురుగా వచ్చారని దానర్థం. భారతదేశం వైపు నుంచి సముద్రం మీద వచ్చేవాళ్లు ఇహ్రామ్ కట్టుకోవాల్సిన హద్దు అదే. మగవాళ్లంతా స్నానాలు చేసి, కుట్టులేని రెండు తెల్లగుడ్డలు చుట్టుకున్నారు. లాల్చీలు, షేర్వాణీలు, లోపలి జేబున్న బనియన్లు అన్నీ మూటల్లోకి వెళ్లాయి. నవాబుకైనా, పరిగి రైతుకైనా ఇక జేబు లేదు.

డబ్బు మాత్రం ఉండాలి. ఇహ్రామ్‌లో నడుముకు సొమ్ముపట్టీ కట్టుకోవచ్చని పెద్దలు ఒప్పుకున్నారు. ఆమె చీర మరుగున పట్టీ విప్పి ఇచ్చింది. పెద్దాయన గుడ్డ కింద దాన్ని బిగించుకుంటుంటే చెయ్యి పెట్టి చూసింది.

"ముడి వెనకకు రావద్దు. గుంపుల ఎవడన్నా కోస్తే తెల్వదు. ముందట వెట్టు."

"ఆడ గూడ దొంగలుంటరా?"

"మనుషులున్నకాడ ఉండరా?"

జిద్దాలో దిగాక అసలు ఖర్చు మొదలైంది. రేవులోనే హాజీలకు దారి చూపే ముఅల్లిం మనుషులు ఊళ్ల పేర్లు పిలుస్తున్నారు. మక్కాకు బస్సు, మినా, అరఫాత్‌లకు బస్సు, గుడారం, మదీనాకు నాలుగు వందల కిలోమీటర్లు దాటిన దారి, అన్నీ ముఅల్లిం చేతి మీదే నడవాలి. వాటికి రియాళ్లు కావాలి. డబ్బు మార్చే సర్రాఫుల దుకాణాల ముందు హాజీల గుంపులు. రేటు కొట్టుకొక తీరు. పెద్దాయన మొదటి కొట్లో మార్చలేదు. నాలుగైదు చోట్ల అడిగి, వెనక్కి వచ్చి, సగం నోట్లే మార్చాడు. మిగతా సగం పట్టీలోనే ఉంచాడు.

సర్రాఫు చేతికి వచ్చింది వెండి కాదు, మళ్లీ కాగితమే. సౌదీలో అంతకుముందు రియాలంటే వెండి నాణెమే. వెయ్యి రియాళ్లు 11 కిలోలకు పైగా తూగేవి. ఎండలో కాలినడకన తిరిగే ముసలివాళ్లు అంత బరువు మోయలేరని 1953లో అక్కడి ప్రభుత్వం యాత్రికుల కోసం రశీదులు ముద్రించింది. వెండి దాచిపెట్టి దానికి బదులుగా ఇచ్చే కాగితాలవి. యాత్రికుల కోసం పుట్టిన ఆ రశీదు త్వరలోనే దేశమంతా చెల్లే డబ్బయింది. 1964 దాకా నడిచింది. దాని మీద అరబ్బీ, ఇంగ్లిషుతో పాటు ఉర్దూ కూడా ఉంది. పెద్దాయన వీధిలోనే నిలబడి ఆ ఉర్దూ వరుస బిగ్గరగా చదివి వినిపించాడు. బొంబాయి నోటును నమ్మని ఆమె దీన్ని వెంటనే నమ్మింది.

మక్కాలో వాళ్లకొక పెద్ద ఊరట దొరికింది. హైదరాబాదు సంస్థానం నుంచి వచ్చేవాళ్ల కోసం నిజాం కాలంలో ఏర్పాటైన రుబాతులు, అంటే ఉచిత సత్రాలు, అక్కడున్నాయి. సంస్థానం పోయి పన్నెండేళ్లయినా ఆ ఊళ్లవాళ్లకు హక్కు పోలేదు. పరిగి అంటే చాలు, బస దొరికింది. అద్దెకు తీసిపెట్టిన డబ్బు మిగిలింది. ఆ సంవత్సరం హజ్ జూన్ మొదటి వారంలో పడింది. మినా గుడారాల్లో వడగాలికి మనుషులు సొమ్మసిల్లుతుంటే, మిగిలిన ఆ అద్దె డబ్బుతో ఆమె మంచుగడ్డలు కొని చుట్టుపక్కల గుడారాలకు పంచింది. మర్నాడు ఖుర్బానీ గది ఖాళీ అయింది, తర్వాత మదీనా గది. చివరి గది దారం ఒక్కసారే తెంపారు, తిరుగు ప్రయాణానికి ముందు, ఖర్జూరాల బజార్లో. ఎవరెవరు ఎంతిచ్చారో ఆమె వేళ్ల కణుపుల మీద అప్పజెప్పుతుంటే, ఆయన ఒక్కొక్కరికీ విడిగా పొట్లం కట్టించాడు.

ఓడెక్కే ముందు పట్టీలో ఒక పది రూపాయల హజ్ నోటు మిగిలింది. "గుర్తుకు దాస్కుందమా?" అని ఆయన అడిగాడు.

"పది రూపాయలు! ఊరికి పోతే చెల్లదు. దాచి ఏం జేస్తం?" అని ఆమె దాన్ని కూడా రియాళ్లలోకి మార్పించి, ఇంటి పక్క పిల్లలకు కాటుక, అత్తరు బుడ్డీ కొన్నది.

గల్ఫ్ నోట్ల కాలం తొందరగానే తీరింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దీనార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక మిగతావీ ఒక్కొక్కటీ తప్పుకున్నాయి. హజ్ నోట్లూ కనుమరుగయ్యాయి. హాజీల ఓడలు 1995తో ఆగిపోయాయి. ఈమధ్య లండన్ వేలంలో ఒక వంద రూపాయల హజ్ నోటు 50 లక్షల రూపాయలకు పైగా పలికింది. అంత అరుదుగా మిగలడానికి కారణం ఊహించడం తేలికే. ఆ నోట్లు చేతపట్టినవాళ్లలో వంద కాదు కదా, పది రూపాయలు కూడా ఊరికే దాచుకోగలిగినవాళ్లు బహు తక్కువ.