సున్నలో చుక్క

దగ్గరికి జరుగు బిడ్డా. మంటలోకి కాదు, మంట దగ్గరికి! ఇప్పుడు తార్నాకలో రోడ్డు దాటాలంటే ఇష్టదైవాన్ని తలుచుకోవాలి గానీ, చారాణాకి చాయ్ దొరికిన ఆ డెబ్బైల్లో, ఆదివారం పొద్దున అక్కడ మా బూట్ల చప్పుడే పెద్ద చప్పుడు. పన్నెండేళ్ల స్కౌట్లం మరి!

ఖాకీ నిక్కరుకి అమ్మ గంజి పెట్టి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసేది. నేను తొడుక్కోకపోయినా అది నిలబడేది. ఎనిమిదిమందికి ఒక పెట్రోల్. "అమ్మా, నన్ను పెట్రోల్ లీడర్ని చేశారు" అంటే, "కిరోసిన్‌కే క్యూ కడుతున్నాం, నీకు పెట్రోలెక్కడిదిరా?" అంది.

ముడులు నేర్పేవారు. కుడి ఎడమ మీద, ఎడమ కుడి మీద వేస్తే రీఫ్ ముడి. కట్టు కట్టినా ఒత్తుకోదు. ఈ విద్యంతా బర్రెలు కట్టుకునే తాతకు చూపించబోయాను. తాతకు దగ్గులు నేర్పినట్టే! ఇక రోజుకో మంచి పని చేయాలి. చేసేదాకా స్కార్ఫ్ కొసన వేసిన ముడి విప్పకూడదు.

బేడెన్ పవెల్ దొర 1907లో మొదలుపెట్టిన సంగతి ఈ స్కౌటింగ్. తెల్ల పిల్లల దళాల్లోకి మనవాళ్లను రానివ్వకపోతే మద్రాసులో అనీబిసెంటమ్మ వేరుకుంపటి పెట్టింది. 1950 నవంబరు 7న స్కౌట్ల కుంపట్లన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. కుంపటి అన్నాను కదాని అటు చూస్తావేం? మొక్కజొన్న కంకి ఇంకా కాలలేదు.

ఎక్కడున్నాం? ఆఁ, మా తార్నాక ఆదివారాల్లో. ఒక ఆదివారం జాడ ఆట. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ వెనక చెట్ల మధ్య నేను ముందు పోయి గుర్తులు పెట్టాలి, మిగతా ఏడుగురు వెతుక్కుంటూ రావాలి. బాణం గుర్తుంటే ఇటు రా, ఇంటూ ఉంటే అటు పోకు. సున్నలో చుక్క ఉంటే 'ఇంటికి వెళ్లిపోయాను' అని. కెన్యాలో ఆ దొర సమాధి మీదా అదే గుర్తు.

నేనేమో ఒక బండ చాటున దాక్కోవాలి. ఎండెక్కింది, ఆకలేసింది. ఆదివారం ఇంట్లో పూరీలు! ఆకలి రుచి ఎరుగదంటారు గానీ, నా ఆకలికి పూరీ రుచి బాగా ఎరుకే. బండ మీద సున్న గీసి, చుక్క పెట్టి, ఇంటికి చెక్కేశాను.

మొదటి పూరీ తుంచానో లేదో, గుమ్మంలో బూట్ల చప్పుడు. ఏడుగురూ వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. గుర్తు చదివి నేరుగా మా ఇంటికే వచ్చారు పోరగాళ్లు! అమ్మ నా కంచం తీసి వాళ్ల ముందు పెట్టి, "ఇవాళ్టి నీ మంచి పని అయిపోయిందిలే" అంటూ నా స్కార్ఫ్ ముడి విప్పేసింది.