ప్రవేశాల రిజిస్టరు చెప్పే చరిత్ర

పదో తరగతి ఫలితాలు రాగానే మా ఆశ్రమ ఉన్నత పాఠశాలల్లో ఆఫీసు గది బోర్డు మీద ఒక శాతం రాస్తారు. ఎక్కువైతే సన్మానం, తక్కువైతే మెమో. దాని వెనుక బీరువాలో ఇంకో పుస్తకం ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. అది ప్రవేశాల రిజిస్టరు. పిల్లవాడు ఏ గూడెం నుంచి వచ్చాడు, తండ్రి ఏం పని చేస్తాడు, ఏ రోజు చేరాడు, ఏ రోజు పేరు కొట్టేశారు, అన్నీ అందులోనే ఉంటాయి. ఉట్నూరు ఏజెన్సీలో పాఠాలు చెప్పుకునే మాకు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అలవాటు కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఒక లెక్క ఊహించుకుందాం. ఆరో తరగతిలో 40 మంది చేరారు. పదికి వచ్చేసరికి 22 మంది మిగిలారు. ఆ 22 మందీ పాసయ్యారు. బోర్డు మీద 100 శాతం పడుతుంది. చేరిన 40 మందిలో చూస్తే అది 55 శాతమే. మిగతా 18 మంది ఏ లెక్కలోనూ ఉండరు.

ఇతరులను అనడానికి ముందు మా తప్పు చెప్పుకోవాలి. ఒక ఏడాది తొమ్మిదో తరగతి చివర ఒక కొలాం పిల్లవాడి తండ్రిని పిలిపించాం. "పదిలో తప్పుతాడు, టీసీ తీసుకుని వేరే బడిలో వేసుకో" అన్నాం. ఆయన ఏమీ అనలేదు, వేలిముద్ర వేసి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది మా శాతం పెరిగింది. పిల్లవాడు మాత్రం ఏ బడిలోనూ చేరలేదు. పత్తి తీసే రోజుల్లో రోడ్డు పక్క చేలో కనిపించి "నమస్తే సార్" అన్నాడు.

ఇది ఎక్కడ మొదలైందో తెలియాలంటే వెనక్కి పోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు ఏమిటో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. అందుకే ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. బడులు విరివిగా తెరవడానికి ముందు, పంతుళ్ళను తయారు చేసే శిక్షణ కేంద్రం పెట్టారు. చదువు వచ్చిన గోండులు అప్పటికి వేళ్ళ మీద లెక్కించేంత మందే. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేసి, వాళ్ళనే గూడేలకు పంపారు. చదువు ముందు ఇంటి భాషలో, తరువాత ఉర్దూ, మరాఠీ. అలా చదివినవాళ్ళలో పంతుళ్ళే కాదు, పట్వారీలూ ఫారెస్టు గార్డులూ అయినవాళ్ళున్నారు. ఎనభై ఏళ్ళ కిందట కొండల్లో ఈ క్రమం పాటించారని మా టీచర్ ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. అక్కడ విదేశీ విద్యావేత్తల పేర్లు బట్టీ పట్టాం, మార్లవాయి పేరు వినలేదు.

1948లో నిజాం పాలన పోయింది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. కార్యాలయం భాష తెలుగు అయ్యింది, బడి భాషా అదే. గోండి వాచకాలు మూలపడ్డాయి. తరువాత ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి, అన్నం, బట్టలు, పుస్తకాలు వచ్చాయి. అది చిన్న మేలు కాదు, మాలో చాలామంది ఆ అన్నం తిన్నవాళ్ళమే. కానీ పిల్లవాడు "ఏర్" అంటే నీళ్ళు అడుగుతున్నాడని తెలిసిన పంతులు కరువయ్యాడు. తెలుగు పంతులుకు అది "ఏరు"గా వినబడుతుంది. దాహమేసిన పిల్లవాడికి వాగుకు పోవద్దని కసురు దొరుకుతుంది. మొదటి తరగతిలో నోరు మూసుకున్న పిల్లవాడు పదిలో సైన్సు జవాబు సొంత మాటల్లో రాయాలంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామీ మొదలైన 8 భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు వచ్చాయి, ఈసారి తెలుగు లిపిలో. గుంజాలలో మన పెద్దలు సొంత లిపిలో రాసుకున్న ప్రతులు ఉండనే ఉన్నాయి. ఒక్క భాషకు మూడు లిపులు, అయినా ఉన్నత పాఠశాల గడప లోపల ఒక్కటీ లేదు.

పంతుళ్ళ సంగతి ఇంకో కథ. 1986లో 275 నంబరు జీవో, 2000లో 3 నంబరు జీవో షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నాయి. మాలో కొందరం బడిలోకి వచ్చింది ఆ తలుపులోంచే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు 3 నంబరు జీవోను కొట్టేసింది. అప్పటిదాకా చేరినవాళ్ళను షరతుల మీద కదపలేదు. కోర్టు మాట నూరు శాతం రిజర్వేషన్ తగదని. మా మాట ఒక్కటే: రేపు మేము రిటైరైతే "ఏర్" అర్థమయ్యేవాళ్ళు ఆ గదిలో ఉంటారా? డీఎడ్, బీఎడ్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పోస్టు కోసం కొట్లాడేటప్పుడు ఈ ప్రశ్ననూ ముందు పెట్టండి.

ఇక పిల్లలు ఎవరు? రిపోర్టులో అందరూ ఒకే గడిలో ఎస్టీలు. 2011 జనగణనలో దేశంలోని ఎస్టీల అక్షరాస్యత దాదాపు 59 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 49. ఆ అంకెలోనూ గోండు, కొలాం, పర్ధాన్, తోటి, నాయక్‌పోడ్, ఆంధ్ అందరూ కలిసిపోతారు. మా రిజిస్టర్లు తిరగేస్తే పేరు ముందు కొట్టేసేది ఎక్కువగా కొలాం, తోటి పిల్లలదే. ఆడపిల్లల పేర్లు ఎనిమిది, తొమ్మిదిలో పలచబడతాయి. దండారికి ఇంటికి పోయినవాళ్ళు పత్తి తీత అయ్యేదాకా రారు, కొందరు అసలే రారు. వాళ్ళ పేరు పక్కన "దీర్ఘ గైర్హాజరు" అని రాస్తాం.

ఈ జూన్‌లో కొత్త రిజిస్టరు తెరిచాం. ఎస్టీ అని వదిలేయకుండా తెగ పేరు రాశాం. పక్కన పెన్సిలుతో ఇంకో గడి గీసి "ఇంటి భాష" అని పెట్టాం. ఆరోలో చేరడానికి వచ్చిన ఒక పిల్లవాణ్ణి అడిగితే తల వంచుకుని "తెలుగు" అన్నాడు. వరండాలో కూర్చున్న వాళ్ళ అమ్మమ్మ అప్పుడే అతన్ని కొలామీలో పిలిచింది. ఆ గడిలో కొలామీ అని రాసుకున్నాం.