మత్తులో చిక్కినవారికి సాయం: ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి

నెల్లూరు జిల్లాకు మత్తును ఎదిరించిన చరిత్ర ఉంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకుంటున్న దూబగుంట మహిళలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వర్ధినేని రోసమ్మ పేరు రాష్ట్రమంతటా వినబడింది. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో మద్యనిషేధాన్ని సడలించినా సారా నిషేధం నిలిచింది.

ఆనాటి తల్లులకు ఎదురుగా ఒక దుకాణం ఉండేది. దానికి తాళం వేయించగలిగారు. నేటి తల్లికి ఎదురుగా కనిపించేది కొడుకు జేబులోని గంజాయి పొట్లం, పరుపు కింద నిద్రమాత్రల పట్టీ, లేదా వైట్‌నర్ సీసా. మన తీరం వెంబడే 16వ నంబరు జాతీయ రహదారి, విజయవాడ–చెన్నై రైలు మార్గం సాగుతున్నాయి. విశాఖ మన్యం నుంచి చెన్నై వైపు తరలే గంజాయి ఈ దారిలో తరచూ పట్టుబడుతూనే ఉంది. అమ్మేవారిని పట్టుకోవడం పోలీసుల పని. వాడేవారికి వైద్యం చేయించడం ఇంటివారి పని, సంఘం పని. ఈ రెండో పని గురించే ఇక్కడ రాస్తున్నాం.

ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే చేసి 2019లో వెల్లడించిన నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. గంజాయి, హెరాయిన్ వంటి నిషేధిత మత్తుపదార్థాలకు బానిసలైన ప్రతి 20 మందిలో ఒక్కరికే ఎప్పుడైనా సాయం దొరికింది. మిగిలినవారు చికిత్స గడప తొక్కలేదు. దీనికి డబ్బు లేకపోవడం ఒక కారణం, సిగ్గు మరో కారణం. భయం కూడా ఒక పెద్ద కారణం. ముందు దాని సంగతి చూద్దాం.

ఫోన్ చేస్తే పోలీసులు వస్తారా?

ఏ ఇంట్లోనైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. "వాడి పేరు చెబితే కేసు పెడతారేమో, రేపు ఉద్యోగం రాదేమో, చెల్లికి సంబంధాలు కుదరవేమో" అని నెలలకు నెలలు దాస్తారు. ఆ నెలల్లోనే జబ్బు ముదురుతుంది.

మాదకద్రవ్యాలకు సంబంధించిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మత్తుపదార్థం వాడటాన్ని నేరంగానే చూస్తుంది. గంజాయి వాడినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడిన నేరం కింద గానీ, చిన్న పరిమాణంలో దొరికిన నేరం కింద గానీ కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స పొందితే అతన్ని శిక్షకు గురిచేయకూడదని అది చెబుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ పోవచ్చు. అమ్మకం సాగించేవారికి ఇది వర్తించదు. కాబట్టి ఆసుపత్రి చీటీలు, డిశ్చార్జి కాగితాలు భద్రంగా దాచిపెట్టండి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కించింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం, రోగిని గౌరవంగా చూడటం ఆ చట్టం ప్రకారం చికిత్స చేసేవారి బాధ్యత. డాక్టరు దగ్గర నిజం చెప్పడానికి జంకవద్దు. ఏది, ఎంత, ఎన్నాళ్లుగా వాడుతున్నాడో తెలియకపోతే సరైన మందు ఇవ్వడం ఆయనకూ కష్టమే.

రాసిపెట్టుకోవలసిన నంబర్లు

14446: మత్తు వదిలించుకోవడానికి సలహా ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖది. కాల్ ఉచితం. కౌన్సెలింగ్ ఇస్తారు, దగ్గరలోని చికిత్సా కేంద్రం ఎక్కడుందో చెబుతారు. వ్యసనం గురించి అయితే మొదట ఈ నంబరుకే చేయండి.

14416: టెలి మానస్. మానసిక ఆరోగ్య సలహా కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర పట్టకపోవడం, లేనిపోని అనుమానాలు, చచ్చిపోతానన్న మాటలు మత్తుతోపాటు కనిపిస్తే ఈ నంబరుకు చేయండి.

1933: దీని పేరు కూడా మానస్ కావడంతో చాలామంది తికమకపడుతున్నారు. ఇది మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ అయిన ఎన్‌సీబీ 2024 జూలైలో ప్రారంభించినది. అమ్మకాలు, రవాణాపై సమాచారం ఇవ్వడం దీని ముఖ్య ఉద్దేశం. చికిత్స గురించి అడిగినా దారి చూపుతారు.

1972: ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి, డ్రగ్స్ కట్టడికి ఏర్పాటైన ఈగల్ విభాగం నంబరు. మీ వీధిలో, కళాశాల దగ్గర ఎవరైనా అమ్ముతుంటే దీనికి తెలపండి.

108: మనిషి స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి అందకపోయినా సలహాల కోసం చూడకుండా వెంటనే అంబులెన్సును పిలవండి. పిల్లలు ప్రమాదంలో ఉంటే 1098కి చేయండి.

ఫోన్ చేయడానికి వ్యసనంలో ఉన్నవారి అంగీకారం కోసం ఆగనక్కర్లేదు. తల్లి, భార్య, అన్న, స్నేహితుడు ఎవరైనా చేయవచ్చు. చేసే ముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: వయసు, వాడుతున్న పదార్థం, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు వాడారు. ఫిట్స్, గుండెజబ్బు, షుగరు వంటివి ఉంటే అవీ చెప్పండి. హెల్ప్‌లైన్ వాళ్లు ఇంటికి వచ్చి మనిషిని తీసుకుపోరు. తర్వాత వేయవలసిన అడుగు ఏమిటో చెబుతారు. మొదటి కాల్‌కు సరైన జవాబు రాకపోతే మరునాడు మళ్లీ చేయండి.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, బోగోలు వైపు నుంచి వచ్చేవారికి దగ్గరలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న సర్వజన ఆసుపత్రి. అక్కడ మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. గంజాయి వాడేవారిలో చాలామందికి ఆసుపత్రిలో చేరకుండానే, ఓపీకి వస్తూ పోతూ వైద్యం జరుగుతుంది. చేర్చుకోవాలా వద్దా అన్నది డాక్టరు తేలుస్తారు.

ఇవి కాక, కేంద్ర ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలు ఉన్నాయి. వీటి వివరాలు 14446లో దొరుకుతాయి. మన జిల్లావారికి చెన్నై, వేలూరు కూడా దూరం కాదు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన టీటీకే ఆసుపత్రి వ్యసన చికిత్సకే ప్రత్యేకమైనది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. కుటుంబ సభ్యుడు రోగితోపాటు ఉండి చికిత్సలో పాలుపంచుకోవడం అక్కడి పద్ధతి.

వేటకు వెళ్లే కుటుంబాలకు ఒక మాట. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. చేతిలో పని లేని ఆ రోజుల్లో తాగుడు పెరిగే ప్రమాదం ఉంది. అదే సమయంలో చికిత్సకు చేరితే వేట రాబడి పోదు. చేరవలసిన కేంద్రం గురించి మార్చిలోనే వాకబు చేయండి. పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం ఏ నెల కోసమూ ఆగవద్దు.

ఇంట్లో బంధించి మాన్పించకండి

"నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అదే దిగిపోతుంది" అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు, ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు రోజూ వేసుకునేవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత లేనివి కనిపించడం, మతి తప్పి మాట్లాడటం మొదలైతే అది అత్యవసర పరిస్థితి. వీరిని డాక్టరు పర్యవేక్షణలో, మందులతో మెల్లగా మాన్పించాలి.

హెరాయిన్, ట్రమడాల్ వంటి నల్లమందు జాతి మందులు మానేవారికి ఒళ్లు నొప్పులు, విరేచనాలు, కంటి నీరు, నిద్రలేమి వస్తాయి. వీరికి అసలు ప్రమాదం తర్వాత ఉంది. కొన్ని వారాలు మానేశాక ఒంటికి ఆ మందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అప్పుడు మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. చికిత్స ముగించి ఇంటికి వచ్చిన తొలి వారాల్లో తోడు అవసరమనేది ఇందుకే.

"తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి" అని పత్రికల్లో, గోడల మీద ప్రకటనలు చూస్తుంటాం. అలాంటి పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరాం అనే మందును డాక్టర్లు కొందరికి ఇస్తారు గానీ, మద్యం తాగితే ఏమవుతుందో రోగికి వివరించి, అతని అంగీకారంతోనే ఇస్తారు. అది వేసుకున్న మనిషి తెలియక తాగితే రక్తపోటు పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. భర్త మీద ప్రేమతో చేసిన పని భర్తనే పోగొట్టవచ్చు.

కేంద్రం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? సర్టిఫికెట్ చూపించమనండి. మానసిక వైద్యుడు ఎన్ని రోజులకొకసారి వస్తారు? రాత్రివేళ ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు? ఇంటివారు వచ్చి చూడవచ్చా, ఫోన్‌లో మాట్లాడవచ్చా? మొత్తం ఖర్చు ఎంతో రాసిస్తారా? ఇంటికి పంపాక ఎన్నాళ్లు చూస్తారు?

గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. కొట్టడం, తిండి మాన్పించడం చికిత్సలో భాగం కాదు. రోగికి ఇష్టం లేకుండా చేర్చడానికి కూడా చట్టంలో ఒక పద్ధతి ఉంది. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు మానసిక వైద్యుడై ఉండాలి. అలా చేర్చినా మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. అర్ధరాత్రి బండి పంపి మనిషిని ఎత్తుకుపోతామనే చోటికి మీవాళ్లను అప్పగించకండి. "గ్యారంటీగా మాన్పిస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాటనే అనుమానించండి. ఈ జబ్బుకు ఏ డాక్టరూ గ్యారంటీ ఇవ్వలేరు.

సంఘం చేయగలిగింది

మన కుటుంబాలు చాలావరకు ఆసుపత్రి కంటే ముందు కాపరి దగ్గరికే వస్తాయి. అది మంచిదే. అయితే అక్కడే ఆగిపోకూడదు. జ్వరం వచ్చిన బిడ్డకు ప్రార్థన చేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం కదా, మత్తు విషయంలోనూ అంతే. ఉపవాసం పేరుతో తాగుడు మానినవాడిని ఆకలితో ఉంచడం అతని ప్రాణానికే కీడు. గాయపడిన బాటసారికి కట్టుకట్టిన సమరయుడు అతన్ని పూటకూళ్లవాని ఇంటికి చేర్చాడు, తర్వాత అయ్యే ఖర్చు కూడా తానే ఇస్తానన్నాడు. సంఘం కూడా బస్సు చార్జీ, మందుల ఖర్చు, ఓపీకి తోడు వచ్చే మనిషి, చికిత్సలో ఉన్న రోజుల్లో ఆ ఇంటి పిల్లలకు భోజనం చూసుకోవచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి బృందాలకు వారానికి ఒక సాయంత్రం మందిరంలో గది ఇవ్వవచ్చు.

చికిత్స తర్వాత మళ్లీ వాడటం మామూలుగా జరిగేదే. షుగరు రోగికి మళ్లీ షుగరు పెరిగితే ఆసుపత్రికి తీసుకెళ్తాం, వెలివేయం. ఇక్కడా మళ్లీ అదే నంబరుకు ఫోన్ చేసి, అదే డాక్టరును కలవండి. ఆ మనిషిని వేదిక మీద నిలబెట్టి సాక్ష్యం చెప్పించాలన్న తొందర వద్దు. చెప్పిన వారానికే కాలు జారితే ఆయన మళ్లీ మందిరానికి రాలేడు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం నోటీసు బోర్డు మీద 14446, 14416, 108 పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. వాటి కింద "ఫోన్ చేసినవారి పేరు ఎవరికీ చెప్పం" అని సంఘం తరఫున రాయండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఎవరు చూసి రాసుకుంటున్నారో గమనించవద్దు.