గుణదల పండుగ వెనుక ఒక పిండిమర పిల్ల

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బెజవాడలో జనమంతా గుణదల మేరీమాత కొండ దారి పడతారు. డెల్టా ఊళ్ల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వస్తాయి. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. మొక్కుకున్నవాళ్లలో హిందువులూ ఎందరో. మేరీమాత ఎవరి అమ్మ అని ఆ కొండ మీద ఎవరూ అడగరు.

అసలు ఫిబ్రవరి 11నే ఎందుకు? కతోలికుల్లో పునీతుల పండుగ సాధారణంగా వారు కన్నుమూసిన రోజున వస్తుంది. అది పరలోకంలో వారి పుట్టినరోజని నమ్మకం. ఈ తేదీ లెక్క వేరు. 1858లో ఆ రోజున ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ సుబీరు అనే పద్నాలుగేళ్ల పిల్ల కట్టెలు ఏరుకోవడానికి వెళ్లి, మసాబియెల్ గుహ దగ్గర ఒక స్త్రీమూర్తిని చూశానని చెప్పింది.

ఆ పిల్ల తండ్రి పిండిమర నడిపి చితికిపోయినవాడు. ఇల్లు గడవక ఆ కుటుంబం ఒకప్పుడు జైలుగా వాడిన ఒంటిగదిలో తలదాచుకుంది. బెర్నదెత్‌కు ఉబ్బసం, చదువూ అంతంతమాత్రమే. జూలై 16 దాకా మొత్తం పద్దెనిమిది దర్శనాలు. పోలీసులు పిలిపించి గుచ్చిగుచ్చి అడిగినా మాట మార్చలేదు. 1862లో అక్కడి మేత్రాణులు వాటిని మేరీమాత దర్శనాలుగా ఆమోదించారు. లూర్దుకు జనం పోటెత్తారు. ఆమె మాత్రం 1866లో నెవేర్ మఠంలో చేరి, రోగులకు సేవ చేస్తూ, తానూ రోగంతో తీసుకుని 1879 ఏప్రిల్ 16న 35 ఏళ్లకే కన్నుమూసింది. 1876లో లూర్దు మహాదేవాలయాన్ని ప్రతిష్ఠించినప్పుడు కూడా ఆమె అక్కడ లేదు. ఆమె గొప్పతనం నాకు దర్శనాల్లో కన్నా ఈ తప్పుకోవడంలోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఆ లూర్దుమాతను గుణదలకు తెచ్చింది ఫాదర్ పి. ఆర్లాటి. అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి పెద్దగా ఉన్న ఆయన, 1924లో కొండ మీద మాత స్వరూపాన్ని నిలిపారు. 1933లో కొండ శిఖరాన 18 అడుగుల ఇనుప సిలువ లేచింది. అదే ఏడాది డిసెంబరు 8న రోములో పదకొండవ భక్తినాథ పోపు బెర్నదెత్‌ను పునీతురాలిగా ప్రకటించారు. బెజవాడకు ప్రత్యేక మేత్రాసనం ఏర్పడింది 1937లో. ఇక్కడ ముందు కొండ, తరువాతే మేత్రాసనం!

1992లో రెండవ జాన్ పాల్ పోపు ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. ఒంట్లో బాగోలేదని గుణదల మెట్లెక్కే మనవాళ్లకు ఆ ప్రకటన కొత్త సంగతేమీ కాదు.

మన డెల్టాలో లూర్దమ్మలు, లూర్దయ్యలు ఉన్నారు. బెర్నదెత్ పేరు మాత్రం అంతగా వినపడదు. పైగా ఆమె పండుగ వచ్చేది ఏప్రిల్ 16న, ఎండలు మండిపోయే రోజుల్లో. ఈసారి గుణదల వెళ్తే, కొండ ఎక్కేటప్పుడు వెంట ఉన్న పిల్లలకు ఆ పిండిమర పిల్ల కథ కూడా చెప్పండి.