గాజుతొట్టిలో మగచేపల పోరు

హైదరాబాదులో జూబ్లీహిల్స్‌కు చేరువనున్న రహమత్ నగర్ వంటి ఇరుకు పేటలలో, పెద్ద తొట్టికి చోటు లేని యింట గూడ, కిటికీ ప్రక్క నొక గాజుపాత్రలో ఒక ఎర్రని చేపను పెంచవచ్చును. దానిని అందరును ‘ఫైటర్’ అనియే పిలుతురు. అటువంటి చేపయే ఉన్న మరియొక పాత్రను దాని సరసను ఉంచినచో, ఒక్క క్షణములో మొప్పల మూతలు విప్పుకొని, వాజములను విసనకర్రవలె పరచి, గాజుపైకి దుముకును. ఇది వినోదముగనే తోచును. కాని పిల్లలు పెట్టించవలెనని తొందరపడి, ఆ మగచేప ఉన్న నీటిలోనికి ఒక ఆడచేపను తెచ్చి విడిచిన విద్యార్థి మరునాటి ఉదయమున చూచునది వేరు. ఆడచేప వాజములు చీలికలై, పొలుసు లూడి, ఒక మూల తలక్రిందుగా వ్రేలాడుచుండును. కొన్నిసార్లు చచ్చియే యుండును. ఈ నష్టమును తప్పించు ఉపాయములకు నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు.

ఈ చేప పుట్టినిల్లు సయాము దేశము, అనగా నేటి థాయిలాండు. అచ్చట వరిమళ్ళలో, కాలువలలో నివసించు చేపను జనులు పట్టి తెచ్చి, పందెములకై పెంచిరి. గెలిచిన దానినే జతకట్టించి, దాని సంతతిలో మరల గెలిచినదానిని ఏరుచు వచ్చిరి. పల్నాటి కోడిపోరు కథ విన్న తెలుగువారికి, సంక్రాంతికి పుంజులను సాకు పద్ధతి తెలిసినవారికి, ఈ ఏరివేత క్రొత్తది కాదు. 2022 లో వెలువడిన జన్యు పరిశోధన యొకటి, ఈ చేప మనుష్యుని పెంపకములోనికి వచ్చి వేయి సంవత్సరములైనను అయి యుండునని తేల్చినది. కావున సీసాలో కనుపించు పౌరుషము కొంత ప్రకృతి యిచ్చినది, కొంత మనుష్యుడు పెంచినది. పొలములోని మగచేపలును పోరాడును. కాని అందు ఓడినది గడ్డిలోనికి తప్పుకొనును. తొట్టిలో తప్పుకొనుటకు చోటేది?

1840 ప్రాంతమున సయాము రాజు ఈ చేపలను కొన్నిటిని థియొడోర్ కాంటర్ అను వైద్యునకు ఇచ్చెను. ఈయన డెన్మార్కు దేశస్థుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులోనివాడు. ఆయన 1849 లో వీనిని వర్ణించెను గాని, పేరు మరియొక జాతి చేప పేరుతో చిక్కుపడెను. ఆ చిక్కును విప్పి, 1910 లో ‘బెట్టా స్ప్లెండెన్స్’ అని నామకరణము చేసినవాడు లండనులోని టేట్ రీగన్.

అయితే జతకట్టించు విద్య ఈ చేపతో ఆరంభము కాలేదు. దాని దాయాదియైన చైనా స్వర్గమత్స్యము 1869 లో పారిసు చేరినది. పియెర్ కార్బొనియే అను ఫ్రెంచివాడు వానిని తొట్టెలలో పెంచి, మగచేప నోటితో గాలిబుడగలు వదలి నీటిపై నురుగుగూడు కట్టుటయు, ఆడచేపను వంచిన దేహముతో చుట్టి పట్టుటయు, జారిపడు గ్రుడ్లను ఏరి గూటిలో చేర్చుటయు కన్నులార చూచి వ్రాసెను. గ్రుడ్లు పెట్టుట ముగియగానే మగచేప ఆడచేపను తరిమికొట్టునని కూడ ఆయన గమనించెను. ఇది కోపిష్ఠితనము కాదు. ఆకలిగొన్న ఆడచేప తన గ్రుడ్లను తానే తినవచ్చును. డార్విను 1871 నాటి ‘మానవుని అవతరణము’ అను గ్రంథమున కార్బొనియే పరిశీలనలను వాడుకొనెను. 1875 లో కార్బొనియే భారతదేశపు గురామి చేప గూడు కట్టుటను గురించియు ప్రకటించెను. అనగా గంగానది చేప కాపురము మొదట పారిసులో పరిశీలింపబడినదన్నమాట!

మనదేశమున చేపలను పరిశీలించినవారు లేకపోలేదు. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రసెల్ అచ్చటి రెండువందల చేపల బొమ్మలను, స్థానికుల నోట విన్న పేర్లతో సహా, 1803 లో అచ్చు వేయించెను. గంగానది చేపలను గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822 లో గ్రంథము ప్రకటించెను. కాని వారి పని జాతులను గుర్తించుట, వర్ణించుట. చచ్చిన చేప పొలుసులను లెక్కింపవచ్చును గాని, దాని నడవడిని లెక్కించుట యెట్లు? అందులకు బ్రతికిన చేప గాజు వెనుక నుండవలెను. ఆ సౌకర్యము ఐరోపాలో 1850 తరువాతనే వాడుకలోనికి వచ్చినది.

మగచేప ఎందుకు పోరాడునను ప్రశ్నకు తెలివైన సమాధానము హాలండు నుండి లభించినది. నికో టింబర్గెన్ ముండ్లచేపలతో చేసిన ప్రయోగమును ఏ పాఠశాలలోనైనను ఉపాధ్యాయుడు బల్లపై గీసి చూపవచ్చును. ఒక తొట్టి రెండు కొనలలో రెండు మగచేపలు వేర్వేరుగా గూళ్ళు కట్టుకొన్నవి. ఆయన రెంటిని రెండు గాజునాళములలో ఉంచి, రెండు నాళములను మొదటి చేప గూటివైపు జరిపెను. మొదటిది మీదికి దుమికినది, రెండవది పారిపోజూచినది. నాళములను రెండవ కొనకు జరుపగానే కథ తారుమారైనది: ఇంతసేపు బెదరినది పులియైనది. చేపలు అవియే, వాని బలమును అదియే. మారినది స్థలము మాత్రమే. జంతువుల నడవడిని గూర్చిన పరిశోధనలకు టింబర్గెన్ 1973 లో నోబెల్ బహుమానమును లోరెంజ్, ఫ్రిష్ పండితులతో పంచుకొనెను.

పెంపకందారుల ఉపాయములలో పెక్కింటికి అర్థము ఈ ప్రయోగమున దొరకును. ఫైటర్ చేపలను జతకట్టించువారు ముందుగా మగచేపను తొట్టిలో విడుతురు. నీరు జానెడు లోతు చాలును. 26 నుండి 28 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము కావలెను గనుక హైదరాబాదు చలికాలమున చిన్న హీటరు తప్పదు. కుళాయి నీటిలోని క్లోరిను పోవునట్లు ఒక దినము నిలువ యుంచి వాడుట మంచిది. ఆడచేపను వెంటనే విడువరు. అడుగున నిలబెట్టిన లాంతరు చిమ్నీలో దానిని ఉంచుదురు. రెండును ఒకదాని నొకటి చూచుకొనును, కాని కొరుకుటకు వీలులేదు. మగచేప నురుగుగూడు కట్టవలెను. ఆడచేప పొట్ట నిండి, ఒంటిపై నిలువు చారలు తేలవలెను. అప్పుడు గాని చిమ్నీని పైకి తీయరు. తొందరపడుట ఇచ్చటనే ప్రమాదము. ఆడచేప దాగుటకు ఒక మూల దట్టముగా నీటిమొక్కలుండవలెను. పొలములోని గడ్డికి ఇది బదులు. గ్రుడ్లు పెట్టుట ముగిసిన వెంటనే ఆడచేపను వేరు చేయుదురు. ఒకటి రెండు దినములలో గ్రుడ్లు పొదుగును. మరి రెండు మూడు దినములకు పిల్లలు స్వేచ్ఛగా ఈదసాగినంతనే తండ్రిని కూడ తీసివేయుదురు.

ఈ నియమమును అన్ని చేపలకు అంటగట్టరాదు. దక్షిణ భారతపు ఉప్పునీటి కయ్యలలోని నారింజ క్రోమైడు చేపలలో, 1795 లో బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు పేరిడినది ఈ జాతికే, తల్లియు తండ్రియు కలిసి పిల్లలను కాచును. పిల్లలు తలిదండ్రుల ఒంటిపై జిగురును కూడ తినును. అచ్చట ఆడచేపను వేరు చేయుట మేలు కాదు, కాపురము చెరచుట. ఇక ఆఫ్రికాలోని మలావి సరస్సు రాతిచేపల సంగతి మరియొక తీరు. వానిలో ఒక మగచేపకు ఒకే ఆడచేప నిచ్చినచో, దానిని తరిమి తరిమి చంపును. నాలుగైదు ఆడచేపలున్నచో దాని దౌర్జన్యము అన్నిటికి పంచబడి, ఏ యొక్కదానికిని ప్రాణాంతకము కాదు. క్రొత్త చేపను విడుచునపుడు తొట్టిలోని రాళ్ళను తారుమారు చేయు అలవాటు కూడ కలదు. పాతవాని హద్దులు చెరగిపోవును గనుక అన్నియు ఒక్కసారే పరదేశులగును. దీని అర్థమును టింబర్గెన్ నాళములు ముందే చెప్పినవి.

అద్దము చూపి ఫైటర్‌ను రెచ్చగొట్టుట పిల్లలకు ప్రీతి. 1963 లో థామ్సన్ అను అమెరికా పరిశోధకుడు, అద్దములో తన బింబమును చూచుటకై ఈ చేప ఒక వలయములోనుండి ఈదుట నేర్చునని చూపెను. చేపయే కోరుచున్నదని గంటలకొలది అద్దము నిలుపరాదు; అలసట తప్ప ఫలము లేదు. ఇక పందెముకై పోరాడించుట చట్టవిరుద్ధము: వినోదముకై జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద నేరము, ఆ చట్టమున జంతువనగా మనుష్యుడు గాక ఏ ప్రాణియైనను.

అన్నిటికంటె కష్టమైన దశ పిల్లలు ఎదిగిన తరువాత వచ్చును. ఒకే కాన్పులో వందకు పైగా పిల్లలుండవచ్చును. రెండు మూడు నెలలు నిండుసరికి అన్నదమ్ములలో కయ్యము మొదలగును. వాజములు చిరుగక మునుపే మగవానిని ఒక్కొక్కటిగా ఏరి వేరు పాత్రలలో ఉంచవలెను. ఒకసారి వేరుచేసిన అన్నదమ్ములను మరల కలిపినచో అవి పరులవలెనే పోరాడును. ఇవి గాలిని నేరుగా పీల్చు చేపలు గనుక చిన్న పాత్రలోను బ్రతుకును, కాని మలినము చేరును గనుక నీరు తరచు మార్చవలెను. పాత్రల వరుసలో ఒక్కొక్కదాని నడుమ ఒక అట్టముక్క నిలుపుదురు. దినమున కొకసారి, కొలది నిమిషములు మాత్రము, అట్టలు తీసి చేపలు వాజములు విప్పుకొన్న తరువాత మరల పెట్టివేయుదురు.